ఆరంభశూరత్వము

ఆంధ్రులు ఆరంభశూరులను మాట తొలుత ఎవరు పలికిరో కాని, అది మన నోళ్లలో స్థిరముగా నిలిచిపోయినది. పరులు మనలను నిందించుటకు వాడినదానికంటె మనమే మన పిల్లలను నిందించుటకు వాడినది యెక్కువ. పరీక్ష తప్పిన బాలుని తండ్రియు, సగము వ్రాసిన నోటుపుస్తకమును జూచిన ఉపాధ్యాయుడును, సంగీతము మొదలిడి మానివేసిన బాలిక యొక్క మేనత్తయు ఈ యొక్క మాటతోనే తీర్పు చెప్పి ముగించెదరు. ఈ తీర్పు న్యాయమైనది కాదని మా యభిప్రాయము. ఆరంభమందు శౌర్యము చూపుట దోషము కాదు. అది లేనివాడు గడపయే దాటడు. లోపమున్నది ఆరంభములో గాదు, ఆరంభమునకును అంతమునకును నడుమనున్న దినములలో. ఆ దినములను గూర్చి మన యిండ్లలో గాని బడులలో గాని మాటాడువారు అరుదు.

నోటుపుస్తకములు దిద్దువారికి ఈ విషయము ప్రత్యక్షానుభవము. జూను మాసములో తెచ్చిన పుస్తకమునకు చక్కని అట్ట వేయబడి యుండును. మొదటి పది పుటలలో ఎఱ్ఱ సిరాతో అంచుగీత, శీర్షిక క్రింద రెండు గీతలు, ముత్యములవంటి యక్షరములు. ఆగష్టు వచ్చునప్పటికి ఒక గీత పోవును. దసరా సెలవులనాటికి రెండవ గీతయు పోయి అక్షరములు ప్రక్కకు వాలును. క్రిస్మసు సెలవుల పిమ్మట పుటలు తెల్లగనే యుండును. తరువాత మార్చి మాసములో, పరీక్షలు పదునైదు దినములున్న వనగా, మరల ముత్యములు కనబడును. ఇట్టి బాలుని సోమరి యని మేము అనజాలము. సోమరియైనచో ఆ మొదటి పది పుటలు ఎక్కడినుండి వచ్చినవి?

భర్తృహరి సుభాషితములకు ఏనుగు లక్ష్మణకవి చేసిన తెనుగు పద్యములలో, విఘ్నభయముచేత పని మొదలుపెట్టనివారు, మొదలుపెట్టి నడుమ విడుచువారు, ఎన్ని విఘ్నములు వచ్చినను విడువనివారు అని మనుష్యులను మూడు తెగలుగా విభజించినది యొకటి మన పిల్లలలో పలువురకు కంఠస్థమే. ఆ పద్యమునందు మాకు గౌరవము గలదు. కాని తరగతిలో దానిని బోధించినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. ఈ మూడు తెగలవారును మువ్వురు వేఱువేఱు మనుష్యులా, లేక యొకే మనుష్యుడు ఒకే సంవత్సరములో మూడు తెగలలోను తిరుగుచుండునా? లెక్కల పుస్తకము తెఱచుటకే భయపడు బాలుడు సాయంకాలము ఆటస్థలమున బంతిని త్రిప్పి వేయు నేర్పుకొఱకు నెలల తరబడి శ్రమించుటను మేము చూచుచున్నాము. పట్టుదల పుట్టుకతో వచ్చు గుణమే యైనచో అతనికి ఒకచోట నుండి మఱియొకచోట లేకుండుట యెట్లు? ఆటస్థలమున తోడివారు అతనికొఱకు ఎదురుచూచుచుందురు. ఏ బంతి ఎట్లు పడినదో ఆ క్షణముననే తెలియును. నిన్న చెడవేసినందుకు నేడు బంతి ఇయ్యమని యెవరు ననరు. లెక్కలయెదుట ఆ బాలుడు ఒంటరివాడు. తప్పు తెలియుటకు నెల పట్టును. తెలిసిననాడు అది పదిమంది యెదుట తెలియును. భేదము బాలునియందు గాక ఏర్పాటునందే యున్నదని మాకు తోచుచున్నది.

ఈ కాలమున సెల్ ఫోనులలో క్షణకాలపు ప్రోత్సాహ ప్రసంగములు విరివిగా దొరకుచున్నవి. వానిని వినినంతసేపు నెత్తురు వేడెక్కును. వేడెక్కినది చల్లారుట ప్రకృతి ధర్మమే గాన, దానిని గూర్చి యింతకంటె చెప్పనవసరము లేదు.

గుంటూరు మండలమున పుట్టినవారికి ఈ సందర్భమున గుఱ్ఱము జాషువగారు జ్ఞప్తికి రాక మానరు. వారు 1895 సెప్టెంబరు 28 న వినుకొండలో జన్మించిరి. 1964 లో క్రీస్తుచరిత్ర కావ్యమునకు సాహిత్య అకాడమీ బహుమానమును, 1970 లో పద్మభూషణ బిరుదమును పొందిరి. మన పాఠశాలల సభలలో వక్తలు వారి పేద బాల్యమును చెప్పి, వెంటనే ఈ బిరుదములను చెప్పి కూర్చుందురు. ఆరంభమును అంతమును జెప్పి నడుమను దాటవేయుట మన వాడుక. ఆ నడుమ ఏమి యున్నది? మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతము. ఆ యుద్యోగమును పోయినది. 1915–16 ప్రాంతమున రాజమహేంద్రవరము చేరి, అప్పటికి చలనచిత్రములకు మాటలు రానందున, తెరమీద బొమ్మలు కదలుచుండగా చాటునుండి కథను సంభాషణలను బిగ్గరగా చదువు కొలువు. పిదప గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పదియేండ్ల పని. ఆ పిమ్మట 1928 మొదలు 1942 వఱకు గుంటూరులోనే తెలుగు పండితత్వము. పిరదౌసి 1932 లోను, గబ్బిలము 1941 లోను వెలువడినవి. తెరచాటున చదివిన యువకునికిని పిరదౌసి కర్తకును నడుమ పదునాఱు పదునేడు సంవత్సరములున్నవి.

ఆ తెరచాటు కొలువును గూర్చి మేము కొంత ఆలోచించితిమి. అది కేవలము కూటికొఱకు చేసిన పని. దానివలన కవియను పేరు రాదు. అయినను అది తెలుగు మాటలతో చేసిన పని, గొంతెత్తి జనుల చెవులకు తెలుగును చేర్చిన పని. తగిన యుద్యోగము దొరకిన పిమ్మట చదివెదమనియు, మంచి గది దొరకిన పిమ్మట వ్రాసెదమనియు కాలము గడుపువారు మనలో పెక్కుమంది గలరు. జాషువగారు దొరకిన చోటునందే భాషతో సహవాసము విడువలేదు. మఱియొక సంగతి. వారిది ఒంటరి పట్టుదల యని చెప్పుట పొరపాటు. దీపాల పిచ్చయ్యశాస్త్రిగారి బాల్యస్నేహము వారికి కవిత్వమునందు ఆసక్తిని పెంచినది. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద మేఘసందేశము, రఘువంశము మొదలగు కావ్యములు చదువుకొనిరి. కులము పేర కవుల సభలలోనే అవమానించినవారుండిరి. పురాణకథలను వ్రాయుచున్నాడని క్రైస్తవులలోనే ఆక్షేపించినవారుండిరి. రెండు వైపుల తలుపులు మూసికొనిన దినములలో నొక స్నేహితుడు, ఒక గురువు తెఱచి యుంచిన చిన్న తలుపు ఎంత విలువైనదో మేము కొలిచి చెప్పలేము. పారసీక కవియైన పిరదౌసి దశాబ్దములు శ్రమించి షానామాను ముగించెననియు, బంగారు నాణెముల నిత్తునన్న గజినీ మహమ్మదు వెండి నాణెములను పంపెననియు ప్రతీతి. ఫలము దక్కని శ్రమను గూర్చిన ఈ కథను జాషువగారు కావ్యవస్తువుగా నెన్నుకొనుట యాదృచ్ఛికమని మాకు తోచదు.

గుంటూరులోని కుగ్లరు ఆసుపత్రిని ఎఱుగనివారు మన ప్రాంతమున తక్కువ. ఆ పేరుగల డాక్టరు ఆనా కుగ్లరుగారు 1879 లో అమెరికాలో వైద్యపట్టము పొంది, 1883 లో గుంటూరు వచ్చిరి. కాని వారిని పంపిన సంఘము వైద్యురాలిగా పంపలేదు. స్త్రీలకు వైద్యశాల నడుపుటకు సంఘమువారు అప్పటికి సిద్ధముగా లేరు. ఘోషా స్త్రీలకు చదువు చెప్పు పనికి మాత్రము నియమించిరి. వైద్యము నేర్చిన యామె ఇరువదియేడేండ్ల వయస్సున క్రొత్త దేశమునకు వచ్చి, తెలుగు ఒత్తులు దిద్దుకొనుచు, ఇల్లిల్లు తిరిగి చదువు చెప్పవలసి వచ్చినది. అలిగి యోడ యెక్కవచ్చును. లేదా వైద్యమును మఱచి జీతమునకు తగిన పని చేయవచ్చును. ఆమె యీ రెండును జేయలేదు. చదువు చెప్పుటకు వెళ్లిన యిండ్లలోనే రోగుల నాడి పట్టుకొనిరి. తెచ్చుకొనిన మందులు ఇచ్చిరి. 1885 లో సంఘమువారు ఆమెను వైద్యురాలిగా నంగీకరించిరి. ఆసుపత్రి తలుపులు తెఱచుట 1898 లో. వచ్చిననాటినుండి లెక్కించిన పదునైదేండ్లు! ఆ మీదట 1930 లో గుంటూరులోనే కన్నుమూయువఱకు ఆమె యా పనిలోనే యుండిరి. ఆ పదునైదేండ్లలో నొక్కొక్క దినమును విడిగా జూచిన ఏ దినమునను గొప్ప కార్యము కనబడదు.

ఆమెకు ముందు 1842 లో గుంటూరు వచ్చిన హయ్యరు పాదిరిగారు ఏబదియేండ్లు దాటిన పిమ్మట సెలవులో స్వదేశమునకు వెళ్లి వైద్యవిద్య చదివి తిరిగి వచ్చిరి. డెబ్బదియారేండ్ల వయస్సున 1869 లో మరల ఓడ యెక్కి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. నాకు వయస్సు మించినదని చెప్పు మా తోడి ఉపాధ్యాయులకొఱకు ఈ వాక్యము వ్రాసితిమి, విద్యార్థులకొఱకు గాదు.

ఇంత దూరమేల, చుండూరు పొలముల గట్టుమీద నిలిచి చూడుడు. వరి కాలువ నీటితో పెరుగు పైరు. కృష్ణ నీరు కాలువలలో పారినంత కాలము దానికి కొదువ లేదు. వరి కోతకు రెండు మూడు దినములు ముందు, నిలిచియున్న చేనిలోనే రైతులు మినుములు చల్లుదురు. ఇటీవల మొక్కజొన్న, జొన్న హెచ్చినను ఈ పద్ధతి మనవారికి క్రొత్త గాదు. వరి కోసిన పిమ్మట ఆ మినుపమొక్కకు నీరు పెట్టువారుండరు. మట్టిలో మిగిలిన పదనును, రాత్రి కురిసిన మంచును త్రాగి అది కాయ కాయును. జూను మాసపు ఉత్సాహము కాలువ నీరువంటిది. అది తప్పక కట్టువడును. అది కట్టువడకముందే, ఉత్సాహమున్న దినములలోనే, అది లేనినాడు నడువదగిన పనిని చల్లియుంచవలెను. నీరు పోయి నేల బీటలు వారిన తరువాత చల్లిన విత్తనము మొలవదను సంగతి రైతు బిడ్డలకు మేము చెప్పనక్కఱలేదు.

ఇక పట్టుదల గలవానికి ఫలము తప్పక లభించునని పిల్లలకు బోధించుటను మేము అంగీకరింపము. చుండూరులో నిలిచి ఈ మాట చెప్పుటకు మాకు నోరు రాదు. 1991 ఆగష్టు 6 న ఈ గ్రామమున ఎనమండుగురు దళితులు చంపబడిరి. వారి కుటుంబములవారు విచారణ ఈ గ్రామమునందే జరుగవలెనని పట్టుబట్టిరి. ప్రత్యేక న్యాయస్థానము చుండూరులోనే కూర్చున్నది. 2007 జూలై 31 న ఇరువదియొక్కరికి యావజ్జీవ శిక్షయు, ముప్పదియైదుగురికి ఏడాది శిక్షయు విధించుచు తీర్పు వచ్చినది. అప్పటికి పదునాఱేండ్లు గడచినవి. 2014 ఏప్రిలు 22 న హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది. లూకా సువార్తలోని న్యాయాధిపతి యొద్దకు మాటిమాటికి పోయిన విధవరాలికి కథాంతమున న్యాయము దొరకినది. ఈ యూరి విధవరాండ్రు ఆమెకంటె తక్కువ నడువలేదు. వారి యిండ్ల పిల్లలును బడులకు వచ్చి బల్లలపై కూర్చుండిరి. అట్టి పిల్లవానితో, నీవు పట్టుదలతో చదివిన చాలును, అంతయు నీదే యని చెప్పుట ఎంత సులభమైన మాట! కోరిన ర్యాంకు రాకపోవచ్చును. కోరిన కళాశాలలో చోటు దొరకకపోవచ్చును. దొరకినను రుసుము చెల్లింపలేకపోవచ్చును. ఇది ముందే చెప్పి చదివించుట న్యాయము. అబద్ధపు వాగ్దానముతో నడిపింపబడిన బాలుడు మొదటి యపజయమునందే మోసపోతినని నిలిచిపోవును. నిజము తెలిసి నడచినవాడు అపజయము వచ్చిననాడు దుఃఖించును గాని ఆశ్చర్యపడడు.

శిక్షణ కళాశాలలో మాకు పాఠ్యప్రణాళిక వ్రాయుట నేర్పిరి. పదునెనిమిదవ వారమున విసిగిన పిల్లవానిని ఏమి చేయవలెనో నేర్పినట్లు జ్ఞాపకము లేదు. తరగతిలో నేర్చినది కొంచెము చెప్పెదము. ఆఱవ తరగతి బాలుని నీవేమి కాగోరుచున్నావని యడిగిన, డాక్టరు ననియో కలెక్టరు ననియో చెప్పును. అందఱును చప్పట్లు కొట్టుదురు. రాబోవు శనివారమునకు ఏమి చేసెదవని యెవరును అడుగరు. మా తరగతిలో ఈ రెండవ ప్రశ్ననే అడుగుచున్నాము. దినమునకు రెండు లెక్కలు, ఐదు ఇంగ్లీషు మాటలు, అంతే. జ్వరము వచ్చిననాడును చేయగలిగినంత చిన్న పనిని మాత్రమే నియమించుకొనుమని చెప్పుదుము. ఇద్దఱిద్దఱిని జతగూర్చి, ఒకరి పుస్తకము నొకరు చూడవలెనని యేర్పాటు చేసితిమి. జత కూడినవారిలో నొకడు మానినచో రెండవవాడు వాని యింటికి పోయి యడుగును. ఈ యడుగుటయే మా దండనకంటె బాగుగ పని చేయుచున్నది.

అన్నిటికంటె సున్నితమైనది తిరిగి వచ్చిన దినము. నెల దినములు తెల్లగ విడిచి, ఒకనాడు బాలుడు పుస్తకము తెఱచి మరల వ్రాయ మొదలిడును. అప్పుడు ఉపాధ్యాయుడు, ఇన్నాళ్లకు బుద్ధి వచ్చినదా యని పదిమందిలో నవ్వినచో ఆ పుస్తకము మరల తెఱువబడదు. తండ్రులకును ఇదే మనవి. విడిచిన పుటల లెక్క ఆనాడు అడుగవలదు. నేటి తేదీ వేసి ఇక్కడనుండి వ్రాయుమని చెప్పుడు.

పాఠశాల నిర్వాహకులకొక విన్నపము గలదు. మన పిల్లలలో పలువురి యిండ్లు ఒక్క గది యిండ్లు. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే టెలివిజను, ఆ గదిలోనే ముసలివారి దగ్గు. బాలికలకు సాయంకాలమైన నీళ్ల పని, చంటిపిల్లల పని. ఇట్టివారికి పట్టుదల లేదని నిందించుటకు ముందు వారికి కూర్చుండుటకు చోటు చూపవలెను. దసరా సెలవులనుండి పరీక్షలవఱకు, ఆదివారము తప్ప ప్రతి సాయంకాలము, పాఠశాలలో నొక గదిని దీపము వెలిగించి తెఱచి యుంచవలెనని కోరుచున్నాము. బోధన అక్కఱలేదు, చప్పుడు లేకుండ చూచుటకు ఒక ఉపాధ్యాయుడు చాలును. రాత్రి యెనిమిది గంటలకు దూరపు పేటల బాలికలను ఇండ్లకు చేర్చుటకు వారి యన్నలో పెద్దలో రావలసి యుండును. ఆ మాట తల్లిదండ్రుల సమావేశమున మేమే యడిగెదము. వంతులవారీగా కూర్చుండుటకు మాలో నలుగురు ఇదివఱకే యొప్పుకొనిరి. గది తాళపుచెవి యొకటి మాత్రము కావలసి యున్నది.