ఒళ్ళు చేసిందట!

హీరోయిన్ పెళ్ళాడితే వార్త. నెల తప్పితే వార్త. బిడ్డను కంటే అదీ వార్తే. మూణ్ణెల్లు తిరక్కుండా మరో వార్త తయారు... "ఒళ్ళు చేసిందట!" ఈ చివరి ముక్క మీదే మన జనానికి మోజు ఎక్కువ. శ్రీకాకుళం టీ కొట్టు నుంచి విజయనగరం లేడీస్ హాస్టలు దాకా దీని మీదే చర్చ!

ఇలియానా గుర్తుందిగా? 2006లో ‘దేవదాసు’, వెంటనే ‘పోకిరి’. ఆ నడుము చూసి కుర్రకారు ఈలలు వేస్తే, అమ్మాయిలు ఇంటికెళ్ళి అద్దం ముందు నిట్టూర్చారు. ఆ నడుము గల మనిషికే తన ఒళ్ళంటే గిట్టలేదు సుమండీ! 2017లో ఢిల్లీలో జరిగిన మానసిక ఆరోగ్య మహాసభలో ఆవిడే నోరు విప్పి చెప్పింది... అద్దంలో లేని లోపాలు కనిపించి వేధించే జబ్బుతో, దిగులుతో బాధపడ్డానని. 2023లో గర్భవతిగా ఉన్నప్పుడు అభిమానులు బరువు సంగతి అడిగితే, మొదట్లో బెంగపడ్డ మాట నిజమేనంది. మన ‘మగధీర’ మిత్రవింద కాజల్ అగర్వాల్ ఇంకాస్త గట్టిగా మాట్లాడింది. 2022 ఫిబ్రవరిలో, కడుపుతో ఉన్న తన ఒంటిమీద కామెంట్లు విసిరినవాళ్ళకి బహిరంగంగానే జవాబిచ్చింది. భేష్!

ఇలియానా చెప్పింది ఒంటి మీద భ్రమ. దాని పక్కింటి చుట్టం మరొకటుంది. అదే తిండి జబ్బు. లావవుతానన్న భయంతో కడుపు మాడ్చుకోవడం, లేదా గంపెడు తినేసి చాటుగా వేలు పెట్టి కక్కేయడం. "ఏటమ్మా, కూడు తినడానిక్కూడా జబ్బేటి? కలిగినోళ్ళ రోగాలు కావూ ఇవి!" అంటారు మన వైపు. కలిగినవాళ్ళకీ వచ్చింది లెండి. బ్రిటన్ యువరాణి డయానా 1995లో టీవీలో కూర్చుని, తనకి ఈ కక్కే జబ్బు ఉండేదనీ, పెద్దబ్బాయి పుట్టాక దిగులు పట్టుకుందనీ లోకానికి చెప్పింది. అయితే జబ్బు ఆస్తిపాస్తులు చూసి రాదు. చోడి అంబలి తాగే ఇంట్లోనూ పద్దెనిమిదేళ్ళ పిల్ల అన్నం కుక్కకి పెట్టేసి "తిన్నాను" అనొచ్చు.

అలాంటి అమ్మాయి వైద్యంతోనో, తన పట్టుదలతోనో కోలుకుంది. పెళ్ళయింది, నెల తప్పింది. ఇక భయం లేదా? అక్కడే ఉంది తిరకాసు.

వేవిళ్ళతో మొదలు. అందరికీ వాంతులు వాటంతటవే వస్తాయి. కానీ ఒకప్పుడు కావాలని కక్కిన మనిషికి ఆ వాంతే పాత దారి చూపిస్తుంది. పైగా ఎవరికీ అనుమానం రాదు! తర్వాత తూకం. ఘోషాసుపత్రికి వెళ్ళినా, ఊళ్ళో పి.హెచ్.సి.కి వెళ్ళినా, వెళ్ళినప్పుడల్లా మిషనెక్కిస్తారు, కార్డు మీద రాస్తారు. నర్సమ్మకది అంకె, ఈ పిల్లకి తీర్పు! దీనికో సులువుంది. "నాకు చెప్పొద్దమ్మా, మీరు రాసుకోండి" అని మిషను మీద వెనక్కి తిరిగి నిలబడవచ్చు. అయితే పాత జబ్బు సంగతి డాక్టరుకి మొదటే చెప్పాలి. సిగ్గుపడి దాస్తే, రక్తం తగ్గినా బిడ్డ బరువు తగ్గినా కారణం ఆవిడకి తెలిసేదెలా?

చాలామందికి ఆ తొమ్మిది నెలలూ కాస్త నెమ్మదిస్తుంది. "నా కోసం కాదు, లోపలి వాడి కోసం" అనుకుని ముద్ద దిగుతుంది. అసలు గండం పురుడయ్యాక. అంతవరకు ఆమె కంచం చూసిన కళ్ళన్నీ ఉయ్యాల వైపు తిరుగుతాయి. నిద్ర ఉండదు, దిగులు కమ్ముతుంది. చూడవచ్చిన పిన్ని ముందు పలకరింపే "ఒలమ్మ, ఎంత లావైపోయావే!"

ఇక పథ్యం. పుట్టింటి పురుట్లో పప్పొద్దు, పెరుగొద్దు, వంకాయొద్దు, నీళ్ళు కూడా ఎక్కువొద్దు. పెద్దవాళ్ళ ప్రేమను నేను కాదనను, ఆ వెల్లుల్లి కారం ముద్దలో ఉన్న ఆప్యాయత ఏ హోటల్లో దొరుకుతుంది? కానీ తిండి మానడానికి సాకు వెతికే జబ్బుకి పథ్యం పట్టుచీర కట్టి కూర్చోబెడుతుంది. ఎంత తక్కువ తింటే అంత బుద్ధిమంతురాలైన బాలింత! పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని మన దేశపు పోషకాహార నిపుణులు లెక్క కట్టారు. పాలిస్తే సన్నబడతారట కదా అని తిండి తగ్గించి పాలివ్వడం ఏం లెక్క?

కాబట్టి చెల్లెమ్మా, ఏర్పాటు ఏడో నెలలోనే చేసుకో. అమ్మకో అక్కకో ఒక్కరికైనా పాత కథ చెప్పు. చూలింత మొక్కులన్నీ తీర్చే అమ్మకి ఇదో లెక్కా! బరువు మాట ఇంట్లో ఎత్తొద్దని ఆవిడ చేతే చెప్పించు. పాత ఆలోచనలు మళ్ళీ తొంగి చూస్తే పదో రోజో, పాతికో రోజో అని చూడక డాక్టరుకి చెప్పు. ఊళ్ళో మనసు డాక్టరు లేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ అది. పైసా ఖర్చుండదు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. మరీ ముదిరితే విశాఖలో పెదవాల్తేరు మానసిక వైద్యశాల ఉండనే ఉంది. ఆ పేరు చెప్పి వెక్కిరించే హాస్యగాళ్ళని సినిమాల్లో వదిలేద్దాం.

తమ్ముళ్ళూ, ఇది ఆడవాళ్ళ గొడవని పేజీ తిప్పకండి. రేపు మీరే భర్తలు. "తిను, తిను" అని వెంటపడితే లాభం లేదు, అది ఇంకో కాపలా. "మునుపటిలా ఎప్పుడవుతావు?" అనడం అసలే వద్దు. అన్నం వేళకి బిడ్డను మీ చేతుల్లోకి తీసుకోండి, కంచాలు రెండు పెట్టించండి, పక్కన కూర్చుని ఏ సినిమా కబురో చెబుతూ మీరూ తినండి. ఆమె కంచం వైపు మాత్రం చూడకండి.