పల్నాటి పిల్లల చేతిలో ‘గ్రానీ’: ఏ వయసుకు ఎంత భయం?

నరసరావుపేట: నెత్తుటి మరకల దుస్తుల్లో ఒక ముసలిది చేతిలో బ్యాటుతో చీకటి ఇంట్లో తిరుగుతుంటుంది. ఆ ఇంట్లో బందీ అయిన ఆటగాడు ఐదు రోజుల్లో తాళంచెవులు, పనిముట్లు వెదికి పట్టుకుని, తలుపు తెరచుకుని బయటపడాలి. చేతిలోని వస్తువు జారి నేలపై పడితే చాలు, ఆ చప్పుడుకు ముసలిది వచ్చి మీద పడుతుంది. దొరికితే దెబ్బ, ఒక రోజు పోయినట్లు లెక్క. 2017లో విడుదలైన ‘గ్రానీ’ అనే ఈ మొబైల్ క్రీడ ఉచితంగా లభించడం, చవక ఫోన్లలో సైతం నడవడం వల్ల బడి ఈడు పిల్లల దాకా సులభంగా చేరిపోయింది.

ఇటువంటి ఆట పిల్లలకు తగునా అన్న ప్రశ్నకు మన ఇళ్లలో సాధారణంగా రెండే సమాధానాలు. ఒకటి, ఫోను లాక్కోవడం. రెండోది, బొమ్మలాటే కదా, అల్లరి చేయకుండా ఒక మూల కూర్చున్నాడు అని వదిలేయడం. ఈ రెండింటిలో ఏదీ ఆటను తెరచి చూశాక ఇచ్చిన తీర్పు కాదు. ‘రక్తం ఉందా, లేదా’ అన్నదొక్కటే కొలతగా పెట్టుకుంటే తప్పుడు ఆటకు అడ్డుపడి, అంతకంటే హాని చేసే ఆటకు దారి ఇచ్చినట్లవుతుంది. ఆటలో పిల్లవాడి చేత ఏ పని చేయిస్తున్నారు, ఏ వయసులో చేయిస్తున్నారు, తెర అవతల ఎవరున్నారు అన్నవి చూడకుండా ఈ విషయంలో నిర్ణయానికి రావడం కుదరదు.

బాలచంద్రుడి బొంగరం

హింసతో నిండిన కథ పల్నాటి బాలలకు కొత్తది కాదు. కార్తీక అమావాస్యతో మొదలై కారెంపూడిలో జరిగే వీరారాధన ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేరిట ఐదు రోజుల పాటు 12వ శతాబ్దపు యుద్ధాన్ని జనం మళ్లీ తలచుకుంటారు. వీరవిద్యావంతులు పాడే ఆ గాథలో గురజాల, మాచర్లల వైరం, కోడిపందెంలో ఓటమి, నాగులేటి ఒడ్డున నరుకులాట అన్నీ ఉన్నాయి. బాలచంద్రుడు యుద్ధానికి కదలడానికి కారణమే ఒక ఆట. అతడు వేసిన బొంగరం ఒక స్త్రీ కాలికి తగులుతుంది. అయినవాళ్లు పోరుకు నిలిచి ఉంటే నీకిక్కడ ఆటలా అని ఆమె దెప్పిపొడుస్తుంది. ఆ రోషంతో బయలుదేరినవాడు రణభూమిలోనే నేలకొరుగుతాడు. ఈ కథను పిల్లలకు చెప్పరాదని పల్నాట ఎవరూ అనలేదు. 1947లో, మళ్లీ 1966లో ఇది ‘పల్నాటి యుద్ధం’ పేరుతో చలనచిత్రంగా వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చూశారు.

ఈ తర్కమే ఎక్కడో అమెరికా సుప్రీంకోర్టులో వినిపించింది. హింసాత్మక వీడియో క్రీడలను పిల్లలకు అమ్మరాదంటూ కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టాన్ని ఆ న్యాయస్థానం 2011 జూన్ 27న 7-2 ఆధిక్యంతో కొట్టివేసింది. పిల్లలకు తరతరాలుగా చదివి వినిపించే గ్రిమ్ సోదరుల కథల్లోనూ రక్తపాతానికి కొదవ లేదని తీర్పు రాసిన న్యాయమూర్తి స్కాలియా గుర్తుచేశారు. కారెంపూడి ఉత్సవం చూసినవారికి ఆ మాటలో వింతేమీ కనిపించదు.

అయితే కథకు, ఆటకు ఒక తేడా ఉంది. పల్నాటి గాథలో ప్రతి చావుకూ వెల ఉంది. బాలచంద్రుడు పోయాక మాంచాల దుఃఖం ఉంది. అంతా అయిపోయాక బ్రహ్మనాయుడు విజయోత్సవం జరుపుకోలేదు, గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెబుతారు. పిల్లవాడికి ఆ కథ చెప్పేవారు ఎదురుగా ఉంటారు. భయపడితే ఆపుతారు, అడిగితే చెబుతారు. ఫోనులో చావుకు వెల లేదు. ‘మళ్లీ ఆడు’ అన్న మీట ఉంది. పక్కన చెప్పేవారు లేరు. పైగా వినడం కాదు, ఆ పని తన వేలితో తానే చేయాలి. క్రీడను తూచవలసింది ఇక్కడ.

దాక్కోవడం వేరు, కాల్చడం వేరు

ఈ తూకంలో ‘గ్రానీ’ని పెడితే ఆశ్చర్యకరమైన ఫలితం వస్తుంది. చూడటానికి ఘోరంగా ఉన్నా, ఆటగాడి పని ప్రధానంగా వెదకడం, చప్పుడు కాకుండా నడవడం, మంచం కింద, బీరువాలో దాక్కోవడం. ముసలిదాన్ని మత్తు బాణంతోనో తుపాకీతోనో కొద్దిసేపు పడగొట్టగలడు గానీ పూర్తిగా చంపలేడు. అంటే పిల్లవాడు ఇక్కడ వేటగాడు కాడు, వేటాడబడేవాడు. దీనికి పూర్తి విరుద్ధంగా ‘ఫ్రీ ఫైర్’, ‘బీజీఎంఐ’ వంటి ఆటల్లో ఎదుటివాడిని కాల్చి చివరి వరకు మిగలడమే గెలుపు. ఆ బొమ్మలు రంగురంగులుగా ఉంటాయి కనుక తల్లిదండ్రులకు అవి భయంకరంగా కనిపించవు. ఇక 2023లో కొత్త రూపంలో వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్ 4’లో భయమూ, కాల్పులూ, అంగఛేదనమూ మూడూ కలిసే ఉన్నాయి. ఐరోపా రేటింగు సంస్థ పెగీ దానికి 18 ఏళ్ల ముద్ర వేసింది. దాని విషయంలో చర్చకు తావులేదు, అది పెద్దలకే.

అలాగని ‘గ్రానీ’కి మార్కులు వేసి పంపలేం. దాని హాని హింసలో లేదు, భయంలో ఉంది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఊహకు, నిజానికి మధ్య గీత స్థిరంగా ఉండదు. తెరపై హఠాత్తుగా ముఖం మీదికి వచ్చే ఆకారం, చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులో వినిపించే అడుగుల చప్పుడు వారిని ఆట ముగిసిన తర్వాత కూడా వదలవు. ఒంటరిగా పడుకోలేకపోవడం, నిద్రలో ఉలిక్కిపడటం, రాత్రివేళ పెరట్లోకి వెళ్లడానికి జంకడం ఈ వయసులో కనిపించే ఫలితాలు. పదమూడు, పద్నాలుగేళ్లు దాటినవాడికి అదే భయం సరదా. స్నేహితుల మధ్య ధైర్యానికి పరీక్ష. ఒకే ఆట అన్నకు వినోదం, తమ్ముడికి పీడకల కావచ్చు. ఇంట్లో ఫోను మాత్రం ఒక్కటే ఉంటుంది.

గ్రానీ అంటే అమ్మమ్మ, నాయనమ్మ అని అర్థం. మిర్చి కోతల రోజుల్లో తల్లిదండ్రులు తెల్లవారుజామునే పొలానికి వెళితే పిల్లలు గడిపేది నాయనమ్మ వద్దనే. ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని మనవడు ఆడే ఆటలో రాక్షసి కూడా ఒక నాయనమ్మే. ఇందులో ప్రమాదం ఉందని చెప్పడం లేదు గానీ, ఆ ఆట పేరుకు అర్థం తెలిసిన పెద్దలు ఇంట్లో ఎందరన్నది ఆలోచించవలసిన విషయం.

హింస నేర్పుతాయా?

ఆటలో చంపినవాడు బయట చంపుతాడా అన్నదానిపై పరిశోధకులు దశాబ్దాలుగా వాదులాడుకుంటున్నారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో వెలువరించిన అధ్యయనంలో 14, 15 ఏళ్ల బ్రిటిష్ బాలబాలికల దూకుడు ప్రవర్తనకు, వారు హింసాత్మక క్రీడలు ఆడటానికి సంబంధం కనబడలేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020 మార్చిలో తన తీర్మానాన్ని సవరిస్తూ, హత్యల వంటి ఘోరాలకు వీడియో క్రీడలే కారణమనడానికి తగిన ఆధారాలు లేవని స్పష్టం చేసింది. అరుపులు, తోపులాట వంటి చిన్నపాటి దూకుడుతో మాత్రం స్వల్ప సంబంధం ఉందని అదే సంఘం చెప్పడం గమనార్హం. మరోవైపు, ఆట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో చేర్చగా అది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే శాస్త్రం వేలు చూపుతున్నది రక్తం వైపు కంటే అదుపు తప్పిన అలవాటు వైపు.

పల్నాడు విషయంలో ఈ వాదనకు మరో కోణం ఉంది. 2024 మే 13 పోలింగ్ నాడు, ఆ తర్వాత మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో చెలరేగిన ఘర్షణలు, పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం సెల్‌ఫోన్లలో ఊరూరా తిరిగాయి. ఆ దృశ్యాలకు ఏ వయసు ముద్రా లేదు. వాటిని చూసిన పిల్లవాడికి తెరపై ఉన్నది బొమ్మ కాదని, తన జిల్లా అని తెలుసు. కల్పిత ముసలిదాని గురించి కంగారుపడే పెద్దలు, నిజమైన రాళ్లదాడి వీడియోను కుటుంబం వాట్సప్ గ్రూపులో పంచుకోవడానికి సంకోచించకపోవడం శోచనీయం.

నిషేధాలు వచ్చాయి, ముద్ర రాలేదు

ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయనలేం. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడుతున్న యువకులను అరెస్టు కూడా చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దేశవ్యాప్తంగా పబ్జీని నిలిపివేసింది. 2022 ఫిబ్రవరిలో ‘ఫ్రీ ఫైర్’ వంతు వచ్చింది. అయితే కేంద్రం నిషేధాలకు చూపిన కారణం దేశ భద్రత, సమాచార గోప్యత. పిల్లల మనసు కాదు. ఫలితమూ తెలిసిందే. ‘ఫ్రీ ఫైర్’ పోయినా ‘ఫ్రీ ఫైర్ మ్యాక్స్’ మిగిలింది. పబ్జీ 2021లో ‘బీజీఎంఐ’గా అవతరించి, 2022 జులైలో మాయమై, 2023 మేలో తిరిగి వచ్చింది. ఈసారి 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు. వయసు ఎంతో చెప్పవలసింది మాత్రం ఆడేవాడే. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ క్రీడల చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. భయం, హింసలకు వయసు ముద్ర వేసే వ్యవస్థ దానితోనూ రాలేదు.

సినిమాకైతే సెన్సారు బోర్డు ఉంది. 2023 సవరణ తర్వాత యూఏ ముద్రను 7, 13, 16 ఏళ్లుగా విడదీశారు. క్రీడలకు అటువంటి బోర్డు మన దేశంలో లేదు. అమెరికాలో ‘మోర్టల్ కాంబాట్’ అనే ఆటలోని నెత్తుటి దృశ్యాలపై 1993లో సెనేట్ విచారణ జరపగా, పరిశ్రమే దిగివచ్చి మరుసటి ఏడాది ఈఎస్ఆర్‌బీ అనే రేటింగు సంస్థను స్థాపించుకుంది. ఐరోపాలో పెగీ 2003లో వచ్చింది. మనకు దిక్కు ప్లే స్టోర్‌లో ఆట పేరు కింద కనిపించే 3, 7, 12, 16, 18 అనే అంకెలు. ఆట తయారుచేసినవారు ఒక ప్రశ్నావళి నింపితే ఆ జవాబులను బట్టి పుట్టే అంకెలివి. అవి నిరుపయోగం కావు, కానీ వాటిని చదివేవారేరి? పైగా ఒక ఫోను నుంచి మరో ఫోనుకు నేరుగా ఎక్కించుకున్న ఆటకు ఆ అంకె కూడా కనబడదు. ఆడకపోయినా, ఇతరులు ఆడుతూ వ్యాఖ్యానించే యూట్యూబ్ వీడియోల ద్వారా 18 ఏళ్ల ముద్ర ఉన్న ఆటలను ఎనిమిదేళ్ల పిల్లలు గంటల తరబడి చూస్తున్నారు. 2021లో వచ్చిన ‘పాపీ ప్లేటైమ్’ అనే భయానక క్రీడలోని కోరపళ్ల నీలి బొమ్మ హగ్గీ వగ్గీ, ఆట పేరైనా వినని ఇళ్లకు సైతం మెత్తటి బొమ్మగా చేరిపోయింది.

ఏ వయసుకు ఏది?

పైన చెప్పిన కొలతలతో చూస్తే ‘గ్రానీ’ పదేళ్లలోపు వారికి ఏమాత్రం తగదు. పది నుంచి పదమూడు మధ్య అయితే పెద్దలు పక్కన ఉండగా, పగటిపూట, ముసలిది కనబడని సాధన విధానంలో మొదలుపెట్టించవచ్చు. ఆ వెసులుబాటు ఆటలోనే ఉంది. పద్నాలుగు దాటినవారికి రాత్రి నిద్ర చెడనంత వరకు దానితో పెద్దగా ఇబ్బంది లేదు. అదే వయసువాడు అపరిచితులతో మాట్లాడుతూ, తుపాకీ రంగు మార్చుకోవడానికి డబ్బు చెల్లిస్తూ ఆడే కాల్పుల ఆట విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. అక్కడ ఆట తనంతట తాను ముగియదు, ఒకటి కాగానే మరొకటి మొదలవుతుంది. నాయనమ్మ ఖాతాకు ముడిపెట్టిన ఫోను అయితే నష్టం నిద్రతో ఆగదు.

పాఠశాలల పాత్రను కూడా విస్మరించరాదు. కరోనా కాలంలో బడులు మూతపడి ఫోనే తరగతి గది అయింది. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచారు. పరికరం ఇచ్చినంత శ్రద్ధగా, అందులో ఏది ఏ వయసుకు తగునో తల్లిదండ్రులకు తెలుగులో చెప్పే పని జరగలేదు. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ఆత్మీయ సమావేశాలు నిర్వహించారు. మాచర్ల నుంచి చిలకలూరిపేట వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇటువంటి సమావేశం జరిగే రోజున ఒక అరగంట కేటాయించి, ప్లే స్టోర్‌లో వయసు అంకె ఎక్కడుంటుందో, తల్లిదండ్రుల అదుపు అమరిక ఎలా పెట్టాలో ఫోనులోనే చూపించవచ్చు. దీనికి నిధులు అక్కర్లేదు. ఈ పని బాగా చేయగలిగింది పదో తరగతి విద్యార్థులే అనడంలో అతిశయోక్తి లేదు.

ఇక చట్టం వైపు నుంచి రావలసింది ఒకటి మిగిలి ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలి. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలకు ఇచ్చిన గడువు 18 నెలలు. ఆ లెక్కన 2027 మే తర్వాత పల్నాటి తండ్రి ఫోనుకు ఏదో ఒక ఆట నుంచి అనుమతి కోరుతూ సందేశం వస్తుంది. అది ఏ భాషలో వస్తుందో, దాన్ని చదివి ‘సరే’ నొక్కేది తండ్రో, ఆయన పక్కన కూర్చున్న కొడుకో చూడాలి.