పేరు గొప్ప, ఊరు దిబ్బ

"ఆట బాగోలేదని అంత బాధేంటిరా, చోద్యం కాకపోతే!" అని 2022 డిసెంబరులో మా అబ్బాయిని వెక్కిరించాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

వాడు నెలల తరబడి ఎదురుచూసిన భయం ఆట 'ది కాలిస్టో ప్రోటోకాల్'. బృహస్పతి చుట్టూ తిరిగే కాలిస్టో మీద ఒక జైలు, అందులో రాక్షసుల్లా మారిపోయిన ఖైదీలు, వాళ్ల నుంచి తప్పించుకునే హీరో. 2008లో 'డెడ్ స్పేస్'తో ఆడినవాళ్లని హడలెత్తించిన గ్లెన్ స్కోఫీల్డ్ తీస్తున్నారంటే ఆశపడరా మరి? వెనక ఉన్నది క్రాఫ్టన్, మన పిల్లలు ఫోన్లలో ఆడే బీజీఎంఐ వాళ్లే.

తీరా డిసెంబరు 2న విడుదలయ్యాక కంప్యూటర్లలో ఆట ఆగి ఆగి నడిచింది. సరే, దానికి మరమ్మతులు చేశారు. కానీ అసలు లోటు భయంలోనే ఉంది. ఎడమకి తప్పుకో, కుడికి తప్పుకో, కర్రతో బాదు. రెండు తలలవాడొకడు వస్తాడు. వాణ్ణి చంపితే కాసేపటికి మళ్లీ అలాంటివాడే. చింతచెట్టు దెయ్యం కథయినా ఒకే రాత్రి మూడోసారి చెబితే పిల్లలు నిద్రపోరూ?

పైగా హీరో చచ్చే కొత్త కొత్త తీరులు చూడాలంటే సీజన్ పాస్‌కి వేరే డబ్బు! భోజనానికి పిలిచి అప్పడానికి బిల్లు వేసినట్టుంది.

నాకు ఇంకా కోపం తెప్పించింది వేరే ఉంది. విడుదలకి మూణ్ణెల్ల ముందు స్కోఫీల్డ్ తమ వాళ్లు వారానికి ఆరేడు రోజులు, రోజుకి 12 నుంచి 15 గంటలు పనిచేస్తున్నారని, ఎవరూ బలవంతపెట్టడం లేదని గొప్పగా రాసుకున్నారు. నలుగురూ తిట్టాక క్షమాపణ చెప్పారు. 'ఎవరూ బలవంతపెట్టడం లేదు' అన్న మాట వినని ఆడది మనలో ఉందా? నిద్రమాని చేసిన వంటలో ఉప్పు ఎటు పోతుందో మనకి తెలియదూ?

కాబట్టి అమ్మలూ, పిల్లల్ని ఎగతాళి చేయకండి. వాళ్లు మోసపోయింది ఆటలో కాదు, ప్రచారంలో. కోచింగ్ ప్రకటన చూసి ముందే ఫీజు కట్టే మనం వాళ్లకంటే తెలివైనవాళ్లమా? కుండనైనా తట్టి చూసి కొంటాం కదా! విడుదలయ్యాక ఒక వారం ఆగు, ఆడినవాళ్లు ఏమంటున్నారో విను, అప్పుడు డబ్బు తియ్యి. ఇదొక్కటి నేర్పుదాం.

మా వాడు ఆగాడు. దాచుకున్న డబ్బు మిగిలింది. వాడి బాధ మాత్రం నిజమైనదే. అది వినడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.