పథ్యం ఎక్కడ తప్పింది?

బరువు తగ్గాలని తొలిసారి ప్రయత్నించేవారికి సలహాలు చెప్పేవారు చాలామంది ఉంటారు. నాలుగైదుసార్లు ప్రయత్నించి, తగ్గి, మళ్లీ పెరిగినవారికి మాత్రం సలహాలకు బదులు చురకలే దొరుకుతాయి. "ఈసారి ఎన్నాళ్లు?" అని ఇంట్లోవారే నవ్వుతారు. ఆ నవ్వుకు వెరచి ఎందరో సోదర సోదరీమణులు మరో ప్రయత్నమే మానుకుంటారు. ఈలోగా నడుము కొలత పెరుగుతుంది, మోకాళ్లు నొప్పి పెడతాయి, సజ్దా నుంచి లేవడం కష్టమవుతుంది, రక్తంలో చక్కెర హద్దు దాటుతుంది. ఈ నెల శీర్షిక అటువంటివారి కోసమే. అన్నం, రొట్టె, చక్కెర తగ్గించే పథ్యాన్ని ఒకప్పుడు పట్టి విడిచినవారు మళ్లీ దాని దగ్గరకు రావచ్చా? నిస్సందేహంగా రావచ్చు. అయితే ముందుగా ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి: పోయినసారి పథ్యం ఎక్కడ తప్పింది?

ఈ పథ్యం కొత్తది కాదు

పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గే పద్ధతిని జనసామాన్యంలోకి తెచ్చినవాడు వైద్యుడు కాదు; పలుమార్లు విఫలమైన ఒక రోగి. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వృత్తిలో ఉన్న విలియం బాంటింగ్ ఏళ్ల తరబడి స్థూలకాయంతో బాధపడ్డాడు. పడవ నడిపాడు, నడిచాడు, ఆవిరి స్నానాలు చేశాడు, మందులు మింగాడు. ఏదీ నిలకడైన ఫలితం ఇవ్వలేదు. 1862లో వినికిడి లోపంతో విలియం హార్వే అనే వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంప వంటివి మానిపించి మాంసం, చేపలు, కూరగాయలు ప్రధానంగా తినమన్నాడు. ఏడాదిలో బాంటింగ్ సుమారు 21 కిలోలు తగ్గాడు. 1863లో తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఆ తరువాత పథ్యం చేయడానికి ఆయన పేరే క్రియాపదమైంది. స్వీడిష్ భాషలో నేటికీ ఆ మాట వాడుకలో ఉంది.

మన తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆలోచన 2017, 2018 ప్రాంతంలో ఉప్పెనలా వచ్చింది. వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతిలో అన్నం, గోధుమ, పప్పులు మానేసి, కొబ్బరినూనె వంటి కొవ్వును, నిమ్మరసాన్ని, పుష్కలంగా నీటిని, విటమిన్ మాత్రలను తీసుకోవాలి. లక్షలాది మంది ఆ ప్రసంగాలు విన్నారు. వైద్యుల్లో పలువురు అభ్యంతరం చెప్పారు. తగ్గినవారున్నారు, తగ్గినంతా తిరిగి పెరిగినవారూ ఉన్నారు. నేడు "మళ్లీ మొదలుపెట్టనా?" అని తర్జనభర్జన పడుతున్నవారిలో చాలామంది ఆ ఉప్పెనలో తడిసినవారే.

తప్పడానికి మూడు చోట్లు

మొదటిది, తొలి వారపు భ్రమ. మన శరీరం కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థాన్ని నిల్వ ఉంచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. అన్నం మానగానే ఆ నిల్వ కరిగి నీరు బయటకు పోతుంది. తూకం ఒకటి రెండు కిలోలు తగ్గినట్లు చూపిస్తుంది. అది కొవ్వు కాదు. ఒక వలీమాకు వెళ్లి బిర్యానీ తిన్న మరునాడు ఆ నీరే తిరిగి వస్తుంది. "చేసిందంతా వ్యర్థమైపోయింది" అని పథ్యం వదిలేసేవారు నిజానికి కొవ్వు పెరిగినందుకు కాక, నీరు తిరిగివచ్చినందుకు వదిలేస్తున్నారు.

రెండవది, శరీరపు ఎదురుదాడి. బరువు తగ్గినప్పుడు ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది. నిండుదనాన్ని తెలిపే లెప్టిన్ తగ్గుతుంది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాది తరువాత కూడా ఈ మార్పులు కొనసాగినట్లు తేలింది. అంటే మళ్లీ పెరగడం కేవలం నోటి చాపల్యం కాదు. తిరిగి పెరిగినవారిని ఎగతాళి చేయడం అన్యాయం.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది: పథ్యం ఇంటికి పరాయిదై పోవడం. ఇంటిల్లిపాదికీ బగారా ఖానా, దాల్చా వండిన చేతులే తమ కోసం వేరే పొయ్యి మీద వేరే వంట చేసుకోవాలి. అందరూ దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటే ఒకరు మాత్రం పక్కన గిన్నె పట్టుకొని కూర్చోవాలి. ఇది పది రోజులు సాగుతుంది, ఇరవై రోజులు సాగుతుంది. ఆ తరువాత ఏ చుట్టాల రాకతోనో, ఏ పిల్లవాడి జ్వరంతోనో ముగిసిపోతుంది.

2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 609 మందిని రెండు బృందాలుగా చేసి ఏడాది పాటు గమనించిన అధ్యయనం వెలువడింది. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతటిది కాదు. కానీ రెండు బృందాల్లోనూ కొందరు 20 కిలోలకు పైగా తగ్గగా, కొందరు పెరిగారు. కాబట్టి పథ్యం పేరులో మహిమ లేదు. మన ఇంట్లో, మన వంటతో, మన బంధువుల మధ్య ఏది ఏడాది పాటు నిలుస్తుందో అదే మనకు తగిన పథ్యం. కొద్దిదైనా నిలకడగా చేసే పనికే విలువ ఎక్కువ అన్న బోధ మనకు తెలియనిది కాదు.

జహీరాబాద్ పళ్లెం

జహీరాబాద్ నేల ఒకప్పుడు జొన్నకు, సామకు, కొర్రకు, కందికి పుట్టినిల్లు. 1983లో ఉమ్మడి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత పేదల ఇళ్లకు సైతం అన్నం చేరింది. అది ఆకలి తీర్చిన మేలే. కానీ రొట్టె పక్కకు జరగడానికి అదీ ఒక కారణమైంది. అదే 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, జహీరాబాద్ చేరువలోని పస్తాపూర్ కేంద్రంగా పల్లె మహిళల సంఘాలతో ఈ పాత పంటలను కాపాడుతూ వచ్చింది. ఏటా ఎడ్లబండ్ల మీద విత్తనాలతో ఊరూరా తిరిగే పాత పంటల జాతర వారిదే. 2019లో ఆ మహిళలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2023లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ ఖాదర్ వలీ ప్రసంగాలతో చిరుధాన్యాల పేర్లు నగరాల వంటిళ్లకూ చేరాయి.

ఇక్కడొక అపోహను తొలగించాలి. చిరుధాన్యాలు పిండిపదార్థం లేనివి కావు. నూరు గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, జొన్నలో సుమారు 68 గ్రాములు ఉంటుంది. భేదం పీచులో ఉంది: బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నలో పది గ్రాములు. అంతకంటే పెద్ద భేదం లెక్కలో ఉంది. అన్నం గరిటెతో వడ్డిస్తాము; ఎంత తిన్నామో తెలియదు. జొన్న రొట్టెను లెక్కపెట్టి తింటాము. నలభై గ్రాముల పిండితో చేసిన రొట్టెలో సుమారు 27 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రోజుకు రెండు రొట్టెలంటే 54. పళ్లెం నిండా, అంటే 300 గ్రాముల అన్నం ఒక్కపూట తింటే 80 గ్రాములు దాటుతుంది.

రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థాన్ని సాధారణంగా తక్కువ పిండిపదార్థ ఆహారంగా పరిగణిస్తారు. 50 గ్రాముల లోపు ఉన్నది కఠిన పథ్యం. పలుమార్లు విఫలమైనవారు కఠిన పథ్యంతో కాక మొదటి హద్దుతో ఆరంభించడం మేలు. రెండు జొన్న రొట్టెలు, ఒక గిన్నె ఖట్టీ దాల్, పెరుగు, కూరలు, గుప్పెడు వేరుశనగలు కలిపినా ఆ హద్దు దాటదు.

శుభవార్త ఏమిటంటే, మన దక్కనీ వంటకాల్లో సగం ఈ పథ్యానికి ముందే సిద్ధంగా ఉన్నాయి. అంబాడా గోష్త్, ఖీమా, శీఖ్ కబాబ్, కోడిగుడ్లతో టమాటే కా కట్, బఘారే బైంగన్, నువ్వులు పల్లీలు నూరి చేసే మిర్చీ కా సాలన్: వీటిలో దేనినీ మానవలసిన పని లేదు. మార్చవలసింది సాలన్ కాదు, సాలన్ కింద ఉన్నది. అందరికీ ఒకే సాలన్ వండండి. పిల్లలు అన్నంతో తింటారు, మీరు ఒక రొట్టెతో, రెండింతల కూరతో తింటారు. వంట ఒక్కటే, దస్తర్‌ఖాన్ ఒక్కటే.

ఇక కంటికి కనిపించని చక్కెరను పట్టుకోవాలి. రోజుకు నాలుగు కప్పుల చాయ్, కప్పుకు రెండు చెంచాలు అంటే సుమారు 40 గ్రాముల చక్కెర. తోడుగా తినే బిస్కెట్లు దీనికి అదనం. చాలా ఇళ్లలో అన్నం జోలికి పోకముందే ఇక్కడే సగం పని పూర్తవుతుంది.

దావత్, రమజాన్

పిలుపును మన్నించడం మన సంస్కారం. పళ్లెం నింపుకోవడం కాదు. దావత్‌లో ముందుగా కబాబ్, మరగ్, సాలన్ తీసుకొని, బిర్యానీలో మాంసం ముక్కలతో పాటు నాలుగు ముద్దలు తింటే ఆతిథ్యమిచ్చినవారి మనసు నొచ్చుకోదు. ఖుబానీ కా మీఠా రెండు చెంచాలు చాలు. ఒకపూట ఎక్కువ తింటే మరుసటి పూట మామూలు పథ్యానికి రండి. "సోమవారం నుంచి" అని వాయిదా వేయకండి. తప్పిన పూట కంటే ఆ వాయిదాయే ఎక్కువ కీడు చేస్తుంది.

రమజాన్‌లో బరువు పెరిగేది ఉపవాసం వలన కాదు. ఇఫ్తార్ షర్బత్, పకోడీలు, సహర్ అన్నం వలన. ఖర్జూరంతో, నీటితో ఉపవాసం విరమించి, షర్బత్ మాని, సహర్‌లో గుడ్లు, పెరుగు, ఖీమా, ఒక రొట్టె తీసుకుంటే ఆకలి నెమ్మదిగా వేస్తుంది. పొట్టలో ఆహారానికి, నీటికి, శ్వాసకు చెరొక భాగం ఉంచమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధ ఏడాది పొడవునా వర్తిస్తుంది.

ఎవరు జాగ్రత్త పడాలి

ఈ భాగాన్ని దయచేసి దాటవేయకండి. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు కఠిన పథ్యం చేస్తే కీటోఅసిడోసిస్ అనే ప్రాణాంతక స్థితి ఏర్పడవచ్చు. ఆ సమయంలో చక్కెర పరీక్ష మామూలుగానే కనిపించవచ్చు. రక్తపోటు మాత్రల మోతాదు కూడా మార్చవలసి రావచ్చు. వీరంతా ముందు డాక్టరును కలిసి, మాత్రల మోతాదు సరిచేయించుకున్న తరువాతే పళ్లెం మార్చాలి. ఎవరో చెప్పారని సొంతంగా మందులు ఆపడం ఎంతమాత్రం తగదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఈ పథ్యాన్ని సొంతంగా చేయరాదు.

పురోగతిని తూకంతోనే కొలవకండి. ఒక టేపు చాలు. భారతీయ పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికగా భావించాలి. నెలకొకసారి కొలిచి రాసుకోండి. మూడు నెలలకొకసారి చక్కెర పరీక్ష చేయించుకోండి.

ఇంటివారికి ఒక మాట. మీ తల్లి, భార్య, భర్త లేదా అన్న మళ్లీ పథ్యం మొదలుపెడితే "ఈసారి ఎన్నాళ్లు?" అని అడగకండి. "ఈ పూట నీకు రొట్టెలు ఎన్ని చేయమంటావు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో మందుల పెట్టు. మళ్లీ మొదలుపెట్టేవారికి చెప్పేదీ ఒక్కటే: గతంలోని ప్రయత్నాలు మీ బలహీనతకు సాక్ష్యాలు కావు. ఎక్కడ తప్పుతుందో అవి మీకు ముందే చూపించాయి. ఈసారి ఆ ఒక్కచోట సరిచేసుకొని, బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టండి.