ఇంట్లో పాట రికార్డింగుకి ఏ సాఫ్ట్‌వేర్?

మా అబ్బాయి పాట రికార్డు చేసి రాజమండ్రిలో ఉన్న వాళ్ళ తాతగారికి పంపాలనుకున్నప్పుడు మొదట ఎదురైన ప్రశ్న ఇదే. మస్కట్‌లో తెలిసినవాళ్ళని అడిగితే తలా ఒక పేరు చెప్పారు.

నా ఉద్దేశంలో డబ్బు పెట్టి కొననవసరం లేదు. 2000లో వచ్చిన ఆడాసిటీ ఇప్పటికీ ఉచితమే. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. శ్రుతిపెట్టె ఒక ట్రాక్‌లో, గొంతు ఇంకో ట్రాక్‌లో పెట్టుకోవచ్చు. మ్యాక్ ఉన్నవారికి గరాజ్‌బ్యాండ్ కూడా ఊరికే దొరుకుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నాది పట్టుదలే. అపస్వరాల్ని సరిదిద్దే ఆటోట్యూన్ లాంటి వాటి జోలికి పోవద్దు. అది గొంతుని పక్కనున్న స్వరస్థానానికి లాగి కట్టేస్తుంది. మన గమకం బతికేదే స్వరాల మధ్య ఊగడంలో కదా! గట్టిగా బిగిస్తే తోడిలో గాంధారం మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తుంది. మెట్రోనోమ్ కూడా మామూలుగా నాలుగు దెబ్బల లెక్కతోనే మొదలవుతుంది. మిశ్రచాపుకి దాన్ని ఏడుకి మార్చుకోవాలి, లేదా ఆపేయాలి.

నిజానికి మమ్మల్ని ఏడిపించింది సాఫ్ట్‌వేర్ కాదు, ఏసీ. జూన్‌లో ఆపితే చరణానికల్లా పిల్లాడు చెమటతో తడిసిపోయాడు. ఆపకపోతే పాట వెనక హోరు! ఆ హోరుని నాయిస్ రిడక్షన్‌తో మరీ తుడిచేస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంది. చివరికి గదిని ముందే చల్లబరిచి, పాడినంతసేపూ ఏసీ ఆపి, ఒక్కసారిలో తీశాం. ఆఖర్న శ్రుతి కాస్త జారింది. దిద్దకుండానే పంపాను.

తాతగారు ఫోన్ చేసి, ఎక్కడ జారిందో వాడికే పాడి వినిపించారు.