ముకాదం అంటే ఎవరు?



ఈ నెల ముందుగాల నా తప్పు ఒకటి ఒప్పుకుంట. మా దగ్గరి బడిలో పిల్లలు తగ్గిండ్రు, తెలుగు తరగతి ఉంచాలా తీసెయ్యాలా అని వార్డు ఆఫీసులో మీటింగు పెట్టిండ్రు. మనోళ్లం పన్నెండు మందిమి పోయినం. నేను వెనక బెంచీ మీద కూర్చున్న. "బయటి నుంచి వచ్చినోళ్లం, మనకెందుకులే" అనుకుని నోరు విప్పకుండ లేచి వచ్చిన. మిగతా పదకొండు మంది గూడ అంతే.

ఇంటికి వచ్చే బస్సు డాక్టర్ ఈ. మోజెస్ రోడ్డు మీదుగ వచ్చింది. మహాలక్ష్మి నుంచి వర్లీకి మనం ఎన్నిసార్లు తిరిగినమో లెక్క లేదు. ఆ మోజెస్ ఎవరని ఎప్పుడన్న అడిగినమా? ఆయన యూదుడు. 1937లో బొంబాయి మేయరు అయిండు. ఇంత పెద్ద ఊర్లో యూదులు అప్పుడు గూడ కొన్ని వేల మందే.

ఆయనది బెనే ఇజ్రాయేల్ అనే శాఖ. వీళ్లు కొంకణం ఊళ్లలో గానుగ ఆడి నూనె తీసేటోళ్లు. శనివారం పని ముట్టరు. అందుకే ఊరోళ్లు "శనివార్ తేలీ" అన్నరు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ. తమ గ్రంథంలోని కథలు గూడ మరాఠీ కీర్తనలుగ పాడుకున్నరు. శనివారం మాత్రం విడువలేదు.

ఇంకో శాఖ బాగ్దాద్ నుంచి వచ్చిన వ్యాపారులు. 1832లో వచ్చిన డేవిడ్ ససూన్ వాళ్ల పెద్ద. ససూన్ డాక్, పూనాలో ససూన్ ఆసుపత్రి ఆ ఇంటి పేరువే. మన మిల్లోళ్లు ఎరిగిన ఇండియా యునైటెడ్ మిల్లులు గూడ ఒకప్పుడు ససూన్ల మిల్లులే.

"షేట్‌లకేం, పైసలుంటే కడతరు" అంటరు మీరు. సరే, షేట్‌లను పక్కన పెడదాం. మాండ్విలో బెనే ఇజ్రాయేల్ వాళ్ల మొదటి ప్రార్థనా మందిరం 1796లో కట్టించింది సామ్యూల్ దివేకర్ అనే సిపాయి. మస్జిద్ స్టేషన్‌కు ఆ పేరు దానివల్లనే వచ్చిందని చెప్పుకుంటరు. 1875లో వాళ్లే తమ పిల్లలకు బడి పెట్టుకున్నరు. అదే ఇప్పుడు మజ్‌గావ్‌లో సర్ ఎలీ కదూరీ స్కూలు. ఇయ్యాల అక్కడ చదివేటోళ్లలో ఎక్కువ మంది ముస్లిం పిల్లలు. వాళ్ల ఆడబిడ్డ డాక్టర్ జెరూషా ఝిరాద్ కామా ఆసుపత్రిని ఎన్నో ఏండ్లు నడిపింది. 1966లో పద్మశ్రీ ఇచ్చిండ్రు.

మిల్లులో ముకాదం అంటే మనకు భయం. పనిలో పెట్టేటోడు ఆయనే, తీసేటోడు ఆయనే. వాళ్ల మందిరంలో గూడ పెద్దమనిషిని ముకాదం అనే అంటరు. కాని అక్కడ ఆయన పని భయపెట్టుడు కాదు, అందరిని కూడగట్టుడు. పదిమంది మగవాళ్లు రాకుంటే వాళ్ల సామూహిక ప్రార్థన సాగదు. తొమ్మిది మంది వచ్చి కూర్చుంటే పదో మనిషి కోసం ఎదురు చూడాల్సిందే. అందుకే అక్కడ ఏ మనిషినీ "వీడు రాకున్న నడుస్తది" అనరు.

1948లో ఇజ్రాయేల్ దేశం వచ్చినంక చానామంది అటు పోయిండ్రు. మిగిలింది కొద్దిమంది. సర్కారు కాగితాల మీద "ఇతరులు" అనే గడిలో పడేటోళ్లు. మేం యూదులం, మమ్మల్ని అట్లనే రాసుకోండి అని అడుగుతనే ఉన్నరు. 2016లో మహారాష్ట్ర సర్కారు వాళ్లను అల్పసంఖ్యాకులుగ ఒప్పుకున్నది. ఇంత తక్కువ మందిమి, మా మాట ఎవరు వింటరు అని ఇంట్ల కూర్చుంటే ఆ గడి మారేదా?

మన రాజ్యాంగంలో 30వ అధికరణం మతంతోపాటు భాషను గూడ చెప్తది. తక్కువ మంది మాట్లాడే భాషోళ్లు తమ బడి తాము పెట్టుకోవచ్చు, నడుపుకోవచ్చు. అంటే మహారాష్ట్రల ఉన్న మనం గూడ అండ్ల ఉన్నం. మరాఠీ నేర్చుకున్నం, ఈ ఊరి బట్ట నేసినం, ఇక్కడనే ఓటు వేస్తున్నం. మాట్లాడనీకి ఇంకేం కావాలె?

బడి మీటింగు మళ్లీ పెడతరట. ఈసారి ముందు బెంచీ మీద కూర్చుంట. మరాఠీలనే లేచి మాట్లాడుత, తెలుగు తరగతి ఉంచుమని అడుగుత. నాకు పెద్ద మాటలు రావు, నాలుగో తరగతి దాకా చదివిన మనిషిని. మీరు గూడ రండి. మొన్న పన్నెండు మందిమి ఉత్తగ కూర్చుని వచ్చినం. ఈసారి నోరు తెరిచేటోళ్లు పదిమంది ఉంటే సాలు.