ఊటీ బడి – డాక్టరు సీటు

కోయిలకుంట్ల నుంచి ఒక సోదరి అడుగుతున్నారు: "మా అమ్మాయిని ఎనిమిదో తరగతికి ఊటీలో పేరున్న హాస్టలు బడిలో చేర్పించాలని మావారి పట్టుదల. కొంత పొలం అమ్మాలి. అక్కడ చదివితే మెడికల్ కాలేజీలో సీటు సులువుగా వస్తుందట. నిజమేనా?"

అమెరికాలో అయితే కొంత నిజమేనమ్మా. హార్వర్డు వంటిచోట దరఖాస్తుతోపాటు బడివారి సిఫారసు ఉత్తరం కూడా చూస్తారు. మన దగ్గర ఎం.బి.బి.ఎస్.కు చూసేది నీట్ ర్యాంకు. బడి పేరుకు ఒక్క మార్కూ కలపరు.

మీవారు గమనించని సంగతి ఇంకొకటి ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కన్వీనరు కోటా సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికులనిపించుకోవాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల చదువూ వరసగా ఈ ప్రాంతంలోనే సాగాలి. ఇల్లూ వాకిలీ కోయిలకుంట్లలో ఉన్నాయంటే సరిపోదు. పిల్ల ఎక్కడ చదివిందని అడుగుతారు. పన్నెండో తరగతి దాకా ఊటీలో ఉండి వస్తే, మిగిలిన 15 శాతంలో అందరితోనూ పోటీపడాలి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి ఈ చిక్కు లేదు. అదీ మన నంద్యాలలాగే శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతంలోదే.

ఇంగ్లీషు కోసం, ఆటల కోసం, నలుగురిలో మెలగడం కోసం పంపుతామంటే అది వేరే లెక్క. దానికి పొలం అమ్మాలా అన్నది మీ ఇద్దరూ తేల్చుకోవలసిందే. సీటు కోసమే అయితే బేరం ఇప్పుడే ఆపించండి.

అన్నట్టు, ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మాయి ఏమంటున్నదో రాయలేదు. అడిగారా?